మంచు రెండుసార్లు కూర్చుందట

ఆ సంస్థలో పనిచేసేవాళ్ళను ఆవిడ రెండు రకాలుగా విడదీసి పెట్టుకుంది. బురద ముట్టుకునేవాళ్ళు ఒక రకం, బురద గురించి మాట్లాడేవాళ్ళు ఇంకో రకం. మొదటి రకంలో ఆవిడ ఒక్కతే ఉంది. మిగతా నూట పదిమందీ రెండో రకం. వాళ్ళందరికీ పైన, మెత్తటి కుర్చీలో, ఆవిడ సొంత అక్క మొగుడు కూర్చుని ఉన్నాడు.

ఆవిడ పని చల్లగదిలో. ధ్రువ సముద్రాల అడుగున ఉన్న బురదను ఓడలు పొడవాటి ప్లాస్టిక్ గొట్టాల్లో తోడి తెస్తాయి. ఓడవాళ్ళే వాటిని మీటరు చొప్పున ముక్కలు కోసి, రెండు చివర్లా మూతలు బిగించి పంపుతారు. ఆ ముక్కలను నిలువునా రెండు బద్దలుగా చీల్చి, లోపలి బురద ఎంత గట్టిగా ఉందో కొలిచి, నంబరు వేసి అరల్లో పెట్టడం ఆవిడ ఇరవై నాలుగేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం. రెండు స్వెట్టర్లు తొడుక్కుని రోజంతా రంపం ముందు నిలబడే ఈ మనిషికి అందరూ చాటుగా రంపమ్మ అని పేరు పెట్టుకున్నారు. రంపం పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆవిడ అనుకునేది. ఆ నోటికి ఒక్కసారైనా దొరికినవాళ్ళెవరూ అలా అనుకోలేదు.

బావే ఆ ఉద్యోగం వేయించాడని కూడా చాటుగానే అనుకునేవారు. అది నిజం. నిజం కావడమే ఆవిడకు మంట. అందుకే ఈ ఇరవై నాలుగేళ్ళలో ఒక్క గొట్టం దగ్గర కూడా పొరపాటు జరగనివ్వలేదని, కావాలంటే వెతికి చూపించమని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

బావ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆవిడ దగ్గర కొంత గౌరవమైనా మిగిలేది. ఆయన చల్లగదిలో కాలుపెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఎందుకు రారని అడిగితే జలుబు అంటాడు. పంతొమ్మిదేళ్ళ జలుబుకి మందు లేదు పాపం. అయినా మెట్ల దగ్గర గోడ మీద ఆయన ఫోటో, దాని కింద ధ్రువ సముద్రాల అడుగును చదివిన మహానుభావుడని అర్థం వచ్చే నాలుగు లైన్లూ ఉన్నాయి. ఆ నాలుగు లైన్లూ ఆయనే రాసుకున్నాడని టైపు చేసిన గుమాస్తా ఆవిడకు చెప్పాడు.

ఈ గొప్పతనమంతా ఒకే ఒక్క గొట్టం మీద నిలబడింది. సంగతి చిన్నదే. మంచు నీళ్ళ మీద తేలుతుంది. కానీ వందల మీటర్ల మందమున్న మంచుపలక తేలలేక సముద్రం అడుగుకి ఆనుకుని కూర్చుంటుంది. వేల ఏళ్ళు అలా కూర్చుంటే కింద బురదలో నీరంతా పిండుకుపోయి, లావుపాటి చుట్టం మకాం వేసిన పరుపులా అణిగి గట్టిపడుతుంది. మంచు వెనక్కి పోయాక దాని మీద మళ్ళీ మెత్తటి బురద వచ్చి చేరుతుంది. అందుకని ఆ ప్రాంతంలో ఏ గొట్టం దింపినా పైన మెత్తన, కింద గట్టి. బావ గొట్టంలో మాత్రం మెత్తన, గట్టి, మళ్ళీ మెత్తన, మళ్ళీ గట్టి. అంటే మంచు ఒకసారి కూర్చుని లేచి, కొంతకాలానికి తిరిగొచ్చి మళ్ళీ కూర్చుందన్నమాట. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన దాని మీద వ్యాసం రాశాడు. అప్పటి నుంచి దాని మీదే బతుకుతున్నాడు.

ఉపన్యాసంలో ఆయన రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించి, "వచ్చింది, కూర్చుంది, లేచింది" అని, కాసేపు ఆగి, "మళ్ళీ వచ్చింది" అంటాడు. ఆ ఆగడం దగ్గర కొత్తవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. ఒకసారి ఇంట్లో భోజనాల దగ్గర కూడా మొదలుపెడితే ఆవిడ, "పోనీ ఈసారికి కూర్చోనివ్వండి బావా, ఊరికే దాన్ని లేపకండి" అంది. అక్కకు నవ్వొచ్చి పొలమారింది. బావకు అర్థం కాలేదు.

ఇక థర్మాస్ అమ్మాయి. ఆమె అక్కడ పరిశోధక విద్యార్థిని. ముప్పై రెండేళ్ళు, బడికెళ్ళే కొడుకు, ఎప్పుడూ చంకలో ఒక థర్మాస్. ఎవరేమన్నా "అవునండి" అంటుంది. అలా అనేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళు మంట. ఐదేళ్ళు కష్టపడి బావ గొట్టం వచ్చిన అఖాతంలోంచే ఏడు గొట్టాలు తెప్పించి కొలిచిందామె. ఏడింటిలోనూ మంచు ఒక్కసారే కూర్చున్నట్టుంది. గైడుగా ఉన్న బావ, ఆమె సిద్ధాంత గ్రంథం మీద "రెండో గట్టి పొర ఏది? కొలతల్లో అజాగ్రత్త" అని ఎర్ర సిరాతో రాసి మూడుసార్లు వెనక్కి పంపాడు. ఆ నెలాఖరుతో ఆమె గడువు అయిపోతుంది. ఆలోగా పరీక్షకుల ముందు నిలబడి, ఆయన సంతకం పడితే పట్టా. లేదంటే ఐదేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే.

గడువు పది రోజులుందనగా ఆమె చల్లగది తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడమ్, సారు గారి గొట్టం ఒకసారి చూడొచ్చాండీ?"

"ఎందుకు, దణ్ణం పెట్టుకోడానికా?"

"కాదండీ. నా ఏడూ ఎందుకు తప్పో అర్థం కావట్లేదు. ఆ ఒక్కటీ చూస్తే తెలుస్తుందేమోనని."

"ఇప్పుడు కొలిచినా పనికిరాదు. ఎండి చెక్కైపోయుంటుంది."

"కొలవనండీ. ఊరికే చూస్తాను."

ఇరవై రెండేళ్ళుగా ఆ గొట్టం గురించి మాట్లాడినవాళ్ళలో దాన్ని చూస్తానని అడిగిన మొదటి మనిషి ఈ అవునండి మనిషి కావడం ఆవిడకు వింతగా తోచింది. నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఆరు ముక్కలూ దించి, బల్ల మీద పైది ఒకటిగా, అట్టడుగుది ఆరుగా వరసగా పేర్చింది. మొదటి మూడు ముక్కలు లేత బూడిదరంగు బురద. అయిదూ ఆరూ నల్లగా, గులకరాళ్ళతో గట్టిగా ఉన్నాయి. నాలుగోది సగం నలుపు, సగం బూడిద. నలుపు పైకి ఉంది. రెండుసార్లు కూర్చున్న మంచు ఘనత అంతా ఆ ఒక్క మీటరులోనే ఉంది.

ఆవిడ తడిగుడ్డతో పైదుమ్ము తుడిచింది. నాలుగో ముక్కలో, బూడిదరంగు భాగంలో, సన్నటి పొరల మధ్య నిమ్మకాయంత రాయి ఒకటి బయటపడింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఈ రాయి ఎలా వచ్చిందో చెప్పు" అంది.

"పైన తేలే మంచుగడ్డ కరిగినప్పుడు అందులో ఇరుక్కున్నది జారి పడుంటుందండి."

"పడితే ఏమవుతుంది?"

"కింది పొరల్లో గుంట పడుతుందండి."

"ఇక్కడ గుంట ఎటుంది?"

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. రాయికి కింద పొరలు చక్కగా, చదునుగా ఉన్నాయి. రాయికి పైన పొరలు నొక్కుకుపోయి గుంటపడి ఉన్నాయి. కింద నుంచి పైకి పడే రాయి ఈ లోకంలో లేదు. ఆవిడ నాలుగో ముక్కను రెండు చేతులతో ఎత్తి, తల అటూ కాళ్ళిటూ తిప్పి పెట్టింది. మూడున్నర మీటర్ల మెత్తటి బూడిదరంగు బురద, ఆ కింద రెండున్నర మీటర్ల గట్టి నలుపు. మధ్యలో రెండో కూర్చోవడం లేదు, లేవడం లేదు. ఆ అమ్మాయి ఏడు గొట్టాలూ చెప్పినట్టే ఉంది.

"తలకిందులు" అంది ఆవిడ. "ఇరవై రెండేళ్ళు తలకిందుల బురద మీద కుర్చీ వేసుక్కూర్చున్నాడు మా బావ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఈ గదిలోకొచ్చి కళ్ళు తెరిచి చూస్తే బడిపిల్లాడికి కూడా తెలిసేది."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంటికి ఫోన్ చేసుకొస్తానని బయటికి పరుగెత్తింది. ఆవిడకు అంత సంతోషంగా ఎప్పుడు ఉందో గుర్తులేదు. పరీక్షకుల ముందు ఆ ముక్కను బావ చేతికిచ్చి, ఏది పైనో చెప్పమని అడిగితే ఆయన మొహం ఎలా ఉంటుందో రకరకాలుగా ఊహించుకుంది.

సాక్ష్యానికి ఫోటో తీసి ఉంచుదామని ముక్కను బోర్లించి ప్లాస్టిక్ వీపు తుడిచింది. ఏ వైపు పైనో తెలియడానికి ప్రతి ముక్క వీపు మీదా ఒక బాణం ఉంటుంది. దీని మీద ఉన్నది నల్లటి బాణం, తోక దగ్గర రెండు అడ్డగీతలు. ఆ గదిలో నాలుగు వేల గొట్టాల మీద ఉన్న బాణం అదే. అలా అడ్డగీతలు వేసే చెయ్యి ఒక్కటే ఉంది. దాని పక్కనే, స్పిరిట్‌తో తుడిచేసిన ఇంకో పాత బాణం మరక, ఎదురు దిక్కుగా కనబడింది.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరి మూడో వారం. ఎర్ర మూత పైకి, నల్ల మూత కిందికి అన్న నియమం కంఠస్థం చేసి, అది తెలియనివాళ్ళందరినీ మొద్దులుగా లెక్కగట్టే ఉత్సాహంలో ఉంది. నాలుగో ముక్కకు ఓడవాళ్ళు వేసిన బాణం ఒకలా, మూతలు ఒకలా ఉన్నాయి. గొట్టానికి ఒక చిట్టీ అంటించి ఉంది. కోడిగీతల్లాంటి రాత. "మూతలు తారుమారయ్యాయి. బాణమే నిజం." బాణమే నిజమట, నియమం తెలియని మొహాలు నాకు చెప్పొచ్చాయి అనుకుని, చిట్టీని చింపి బుట్టలో పడేసింది. బాణాన్ని తుడిచి తన బాణం వేసింది. కొలతలు తీసి బావకు తనే ఇచ్చింది. ఆయన వాటిని నమ్మాడు. ఆయన చేసిన పాపమల్లా ఆవిడను నమ్మడమే.

స్పిరిట్ సీసా చేతికందే దూరంలో ఉంది. రెండో బాణాన్ని కూడా తుడిచేస్తే ఇక అడిగేవాడు లేడు. ఆవిడ సీసా వైపు చూసింది, తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంతకాలం ఆ అసహ్యాన్ని ఇతరుల మీద ఖర్చుపెట్టిన మనిషికి అది చాలా కొత్తగా ఉంది.

ఆదివారం పొద్దున అక్క ఇంటికి వెళ్ళింది. బావ వరండాలో స్టూలు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. ఆ పని మాత్రం ఆయన స్వయంగా, చేతులకు నలుపు అంటుకున్నా లెక్కచేయకుండా చేసుకుంటాడు. ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పింది, చిట్టీతో సహా. ఆయన బ్రష్ ఆపలేదు. రాయి సంగతి దగ్గర మాత్రం కొంచెం ఆగాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"తలకిందులన్న సంగతి ఆ అమ్మాయికి తెలుసు. బాణం సంగతి ఇంకా చెప్పలేదు."

"సరే. ఆ అమ్మాయి సిద్ధాంతం ఒప్పుకుందాం. నేనే కొత్తగా పరిశీలించి సవరించుకున్నానని చెప్తాను. శాస్త్రంలో అది గౌరవమే." బూటును వెలుగులోకి పెట్టి చూసుకున్నాడు. "తప్పు మాత్రం ఓడ మీద జరిగింది. తుఫాను. అలల్లో ముక్క దొర్లిపోయింది."

"తుఫానేంటి బావా? తప్పు నాదని చెప్తున్నాను కదా."

"నీదైతే ఎలా? ఇరవై రెండేళ్ళు ఒక టెక్నీషియన్ పొరపాటు మీద బతికానని రాస్తారు. అది బాగోదు. తుఫానైతే కాస్త హుందాగా ఉంటుంది."

లోపల్నుంచి అక్క కాఫీ పట్టుకొచ్చింది. "ఆయన చెప్పినట్టు వినవే. నీ ఉద్యోగానికీ మంచిదే కదా. ఎవరికి నష్టం?" అంది.

ఎవరికి నష్టమో ఆవిడకు వెంటనే తోచలేదు. చిట్టీ రాసిన ఓడమనిషి ఎవరో, ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. అతను మాత్రం తన పని తను సరిగ్గా చేసి, చెప్పాల్సింది రాసి పంపాడు. ఇప్పుడతని నెత్తిన తుఫాను పడబోతోంది. కాఫీ తాగకుండానే లేచొచ్చేసింది.

పరీక్ష రోజున రెండో అంతస్తు సమావేశపు గదిలో పాతికమంది కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు తెల్లజుట్టు పెద్దావిడ, మాట తక్కువ. నాలుగో ముక్క బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టి ఉంది. థర్మాస్ అమ్మాయి తడబడుతూ మొదలుపెట్టి, రాయి దగ్గరికొచ్చేసరికి గొంతు సర్దుకుని, శుభ్రంగా ముగించింది. తర్వాత బావ లేచాడు. అరచేతులు బోర్లించబోయి, అలవాటుగా వచ్చిందని గ్రహించి, వెనక్కి తీసుకున్నాడు.

"శాస్త్రవేత్త తన తప్పును తానే దిద్దుకోవాలి. అందుకే ఈ గొట్టాన్ని మళ్ళీ తెరిపించాను" అన్నాడు. తెరిపించిందెవరో తెలిసిన ఇద్దరూ తలెత్తలేదు. ఆ పైన తుఫాను మొదలైంది. ఇరవై అడుగుల అలలు లేచాయి. డెక్కు మీద గొట్టాలు దొర్లాయి. చీకట్లో, చలికి కొంకర్లుపోయిన చేతులతో ఓడవాళ్ళు ఒక ముక్కను తలకిందులుగా సర్దారు. వాళ్ళను మనం నిందించకూడదన్నాడు బావ. ఆయన మొహం కరుణతో మెరిసింది. తను ఎన్నడూ ఎక్కని ఓడ మీద, ఎన్నడూ రాని తుఫానుకి ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

ఆవిడ చివరి వరసలోంచి లేచింది.

"తుఫాను లేదండి. ఓడవాళ్ళు బాణం సరిగ్గానే వేశారు. మూతలు మారాయి, బాణం చూడండని చిట్టీ కూడా పెట్టారు. ఆ చిట్టీ నేను చింపేశాను. బాణం తుడిచి నా బాణం వేశాను. వీపు తిప్పి చూడండి, రెండూ కనబడతాయి."

ఎవరూ ముక్కను తిప్పలేదు. తిప్పితే చేతులకు బురద అంటుతుంది. బావ మాత్రం చిన్నగా నవ్వి, తల అడ్డంగా ఊపాడు.

"మా మరదలు మొదట్నుంచీ ఇంతే. ఎవరి తప్పు జరిగినా తన నెత్తిన వేసుకుంటుంది."

ఆవిడ గురించి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఆవిడ నోటి దెబ్బ తిన్నవాళ్ళే ఆ గదిలో పదిహేనుమంది ఉన్నారు. వాళ్ళూ గంగిరెద్దుల్లా తలలూపారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తెల్లజుట్టు పెద్దావిడ కూడా, "మంచి మనసు" అని మెల్లగా అంది. రంపమ్మ ఇంకోసారి నోరు తెరిచింది గానీ, చప్పట్లలో అది వినబడలేదు. కార్యదర్శి నివేదికలో "తుఫాను" అని రాసుకోవడం మాత్రం ఆవిడకు స్పష్టంగా కనబడింది. తీసిపారేయడానికి ఇంతమంది మనుషులు ఎదురుగా ఉన్నా, ఆ క్షణాన ఆవిడకు ఒక్క తిట్టూ తట్టలేదు.

సంతకాలు పడ్డాయి. నాలుగో ముక్కను చేతుల మీద మోసుకుని ఆవిడ చల్లగదికి తిరిగొచ్చేసింది. పావుగంటకు థర్మాస్ అమ్మాయి వచ్చింది. చేతిలో సంతకాల కాగితం ఉంది. కృతజ్ఞతలు చెప్తుందనుకుని, వద్దులే పొమ్మనడానికి ఆవిడ సిద్ధమైంది.

ఆమె కృతజ్ఞతలు చెప్పలేదు. బల్ల మీది ముక్కను బోర్లించి, రెండు బాణాలనూ దగ్గరగా చూసింది. తర్వాత తలెత్తి సూటిగా ఆవిడ మొహంలోకి చూసింది.

"మీరే చేశారండీ. నేను నమ్ముతున్నాను."

ఇంత పెద్ద భవనంలో ఒక్క మనిషైనా తనను నమ్మినందుకు ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

"మీరు చేరిన ఏడాది ఎన్ని గొట్టాలు వచ్చాయండీ?" అని అడిగింది ఆమె.

"మూడొందల పైచిలుకు."

"వాటికీ చిట్టీలు ఉండేవా?"

"ఉండేవి. ఓడవాళ్ళు తెగ రాసేవారు."

ఆమె వెనక్కి తిరిగి అరల వైపు చూసింది. కింద నుంచి కప్పు దాకా గొట్టాలు. ఈ ఇరవై ఏళ్ళలో వాటి మీద ఎంతమంది ఎన్ని వ్యాసాలు రాసి ఉంటారో ఇద్దరికీ తెలుసు.

"ఆ చిట్టీలన్నీ ఏం చేశారు?"

ఈసారి ఆమె గొంతులో "అండీ" లేదు. ఆవిడ స్వెట్టరు అంచుతో ముక్కు తుడుచుకుంది.

"ఆ ఏడాదంతా నేను వాళ్ళను సరిదిద్దుతూనే ఉన్నాను" అంది.